దారా షికో: రెండు సాగరముల సంగమము

క్రీ.శ. 1657వ సంవత్సరమున, రంజాను మాసపు చివరి దినములలో, ఢిల్లీ నగరమున యమునానది యొడ్డున నిగమబోధ ఘట్టము చెంతనున్న యొక మేడలో ఒక గ్రంథము పూర్తియయ్యెను. కాశీక్షేత్రము నుండి రప్పింపబడిన పండితులును సన్న్యాసులును ఆఱు మాసములుగా అక్కడ ఉపనిషత్తులను చదివి అర్థము చెప్పుచుండిరి. వారు చెప్పినదెల్ల పారసీక భాషలోనికి మార్పబడుచుండెను. ఇట్లు ఏబది ఉపనిషత్తులు పారసీక రూపమును దాల్చెను. ఈ కార్యమును సంకల్పించి నడిపినవాడు షాజహాను చక్రవర్తి జ్యేష్ఠపుత్రుడైన దారా షికో. అప్పటి కాతని వయస్సు నలువది రెండేండ్లు. తరువాత రెండు మాసములు గడచునంతలో చక్రవర్తి జబ్బుపడెను. రెండేండ్లు దాటిన పిదప, ఆ ఢిల్లీ నగరముననే, గ్రంథకర్త శిరస్సు ఖండింపబడెను.

ఉపనిషత్తులను ప్రేమించినందుననే ఆతడు చంపబడెనని కొందఱందురు. అది కేవలము సింహాసనము కొఱకు జరిగిన అన్నదమ్ముల కలహమని మఱికొంద ఱందురు. ఆతని జీవితమును మొదటినుండి చూచినగాని ఈ రెండు మాటలలోను ఎంతెంత సత్యము కలదో తెలియదు.

1615వ సంవత్సరము మార్చి నెలలో అజ్మీరు చెంత దారా జన్మించెను. అంతకు ముందు తల్లిదండ్రులకు కుమార్తెలేకాని కుమారులు లేరు. తనకు పుత్రుని ప్రసాదింపుమని షాజహాను అజ్మీరులోని ఖ్వాజా మొయినుద్దీన్ చిష్తీ సమాధిని సేవించెనట. ఈ సంగతిని దారాయే తరువాత తన గ్రంథములో వ్రాసికొనెను. తానొక మహాత్ముని అనుగ్రహమున పుట్టినవాడనను భావ మాతని మనస్సునుండి ఎన్నడును తొలగలేదు. దానివలన ఆతనికి మేలు కలిగెను, కీడును కలిగెను.

బాల్యము సుఖముగా గడవలేదు. షాజహాను తన తండ్రియగు జహంగీరుపై తిరుగుబాటు చేసి ఓడిపోయెను. సంధి నిబంధనగా దారాను, అతని తమ్ముడు ఔరంగజేబును 1626లో తాతగారి యొద్దకు జామీనుగా పంపవలసి వచ్చెను. జహంగీరు మరణించిన పిదప 1628లో షాజహాను సింహాసన మెక్కెను. అయితే అందులకు ముందు లాహోరులో అయిదుగురు రాజకుమారులు ఆతని ఆజ్ఞచే చంపబడిరి. వారిలో ఒకడు ఆతని సోదరుడు, తక్కినవారు సోదరుని బిడ్డలును పినతండ్రి బిడ్డలును. మొగలు వంశమున పెద్దకుమారునికే రాజ్యమను నియమము లేదు. సింహాసనమా, సమాధియా అను సామెత ఆ వంశమునకే పుట్టినది. దారా పండ్రెండేండ్ల బాలుడుగా నుండగా జరిగిన ఆ హత్యలే ముప్పది యేండ్ల తరువాత ఆతని యింటి వాకిట నిలిచినవి. కర్మఫలమను మాటను తేలికగా వాడరాదు. అయినను ఈ కథలో దానిని చూడకుండుట కష్టము.

1633లో దారాకు నాదిరా బాను అను రాజకుమారితో వివాహమయ్యెను. ఆమె ఆతని పెదతండ్రి పర్వేజు కుమార్తె. ఆ కాలపు రాజవంశములలో అరుదైన అన్యోన్యత ఆ దంపతుల మధ్య నుండెను. చిత్తరువులును చక్కని వ్రాతలును కూర్చి దారా ఆమెకు కానుకగా నిచ్చిన యొక సంపుటము నేటికిని లండనులోని బ్రిటిష్ గ్రంథాలయమున భద్రముగ నున్నది.

వివాహానంతరము కొలది కాలమునకే దారా జబ్బుపడెను. నాలుగు మాసములు వైద్యులు చేసిన చికిత్స ఫలింపలేదు. అప్పుడు తండ్రి ఆతనిని లాహోరులోని మియాన్ మీర్ అను వృద్ధ ఫకీరు కడకు తీసికొనిపోయెను. ఖాదిరీ సంప్రదాయమునకు చెందిన ఆ సాధువు రాజులను లక్ష్యపెట్టెడివాడు కాడు. వారి కానుకలను తాకెడివాడు కాడు. ఆయన ఒక గిన్నెలో నీరు పోసి, మంత్రించి, త్రాగుమని ఇచ్చెను. వ్యాధి నయమయ్యెను. అటుపిమ్మట యువరాజు ఆ ఫకీరు కుటీరమునకు పాదుకలు విడిచి నడిచి వెళ్లెను. ఆయన నమిలి ఉమిసిన లవంగములను ప్రసాదముగా ఏరుకొని తినెను. రత్నాసనములపై కూర్చుండు వాడొకడు అంతగా తలవంచుట మన పాఠకులకు క్రొత్త కాదు. గురుభక్తికి ఏ దేశమునైనను ఒకటే రూపము.

మియాన్ మీరు 1635లో దేహము చాలించెను. ఆయన శిష్యుడగు ముల్లా షా అను బదఖ్షానీ సాధువు కాశ్మీరములో నుండెను. 1640 ప్రాంతమున దారాయు, ఆతని అక్క జహనారాయు ఆయనను గురువుగా స్వీకరించిరి. జహనారా విదుషి, కవయిత్రి. తల్లి ముంతాజు మరణానంతరము అంతఃపురమునకు పెద్దదిక్కు ఆమెయే. తమ్ముని సత్యాన్వేషణలో ఆమె సహయాత్రికురాలు. గురువు చరిత్రను ఆమె స్వయముగా వ్రాసెను. దారా కూడ ఆ యేండ్లలోనే మహాత్ముల చరిత్రలను సంకలనము చేసి, మియాన్ మీరు గూర్చి వేఱొక గ్రంథమును, సాధనామార్గమును గూర్చి మఱియొక చిన్న గ్రంథమును రచించెను. అద్వయమైన పరతత్త్వము, సూఫీలు తౌహీద్ అని చెప్పెడిది, ఆతని హృదయమును పూర్తిగా ఆక్రమించెను.

1645లో ఆతనికి అలహాబాదు సుబా సంక్రమించెను. ఆ నగరమున షా ముహిబుల్లా అను జ్ఞానియగు సూఫీ యుండెను. తత్త్వవిషయములతో పాటు పరిపాలనా ధర్మమును గూర్చియు వారిరువురి నడుమ లేఖలు నడచెను. ప్రజలలో హిందువు, ముసల్మాను అను భేదమును రాజు పాటింపవచ్చునా యను ప్రశ్న అందులో వచ్చెను. ప్రవక్త సర్వలోకములకును కరుణగా పంపబడినవాడు గనుక రాజు కరుణ కూడ అట్లే అందఱికిని సమముగ నుండవలెనని ఆ వృద్ధుడు సమాధానమిచ్చెను. చక్రవర్తి కాబోవువాడు తన ప్రజలను గూర్చి ఇట్టి ప్రశ్న నొక ఫకీరు ముందుంచుట గమనింపదగినది. జ్ఞానము ఏకాంతమున అనుభవించు వస్తువు మాత్రమే కాదనియు, రాజ్యపాలనలో దానికొక పని కలదనియు అప్పటికే ఆతడు ఊహించియుండెను.

1653లో దారా కాందహారును పారసీకులనుండి తిరిగి పట్టుకొనుటకు దండెత్తెను. ఔరంగజేబు అంతకు ముందు రెండుమారులు వెళ్లి విఫలుడై తిరిగి వచ్చియుండెను. దారాయు విఫలుడయ్యెను. ఆ దండయాత్రలో ఆతడు ఫిరంగులతో పాటు మంత్రగాండ్రను కూడ వెంట గొనిపోయి వారి మాటలను నమ్మెను. సేనానులు మనస్సులో నవ్వుకొనిరి. ఆతనికి యుద్ధవిద్య పట్టుబడలేదు. అంతకంటె పెద్దలోపము, పట్టుబడలేదని తెలిసికొనలేకపోవుట.

ఆ పరాజయము నుండి మఱలి వచ్చుచు లాహోరులో ఆగినప్పుడు బాబా లాల్‌దాస్ అను వైరాగియొద్దకు ఆతడు పలుమార్లు వెళ్లెను. నాదమనగా నేమి, విగ్రహారాధన కర్థమేమి, సన్న్యాసి ఎట్లుండవలెను, రాజెట్లుండవలెను అని ప్రశ్నలు వేసెను. చంద్రభాను బ్రాహ్మణుడను పారసీక కవి ఆ సంభాషణలను గ్రంథస్థము చేయుటకు తోడ్పడెను. ఓడిపోయిన సేనాని వైరాగి ముందు విద్యార్థియై కూర్చుండిన ఆ దినములు, నిదానించి చూచినచో, దారా జీవితమున మేలైన దినములు.

1655లో ఆతడు మజ్మ ఉల్ బహ్రైన్ అను గ్రంథమును రచించెను. రెండు సముద్రముల కలయిక యని ఆ పేరుకు అర్థము. సంస్కృతమున దానికి సముద్రసంగమమను రూపము కూడ కలదు. ఇరువది రెండు చిన్న ప్రకరణములలో పంచభూతములు, ఇంద్రియములు, ఓంకారము, జీవాత్మ పరమాత్మలు, ముక్తి మొదలగు విషయములపై సూఫీల మాటను, హిందూజ్ఞానుల మాటను ప్రక్కప్రక్కన నిలిపి, ఈ ఉభయులకును భేదము మాటలలోనే యని ఆతడు చూపదలచెను. బ్రహ్మ విష్ణు మహేశ్వరులను జిబ్రాయీలు, మికాయీలు, ఇస్రాఫీలు అను దేవదూతలతో సరిపోల్చెను. చిదాకాశము నుండి మొట్టమొదట వెలువడినది ప్రేమ యనియు, దానినే హిందువులు మాయ యందురనియు వ్రాసెను.

శాంకరవేదాంతము చదివినవారు ఇచ్చట కొంచెము ఆగక తప్పదు. మాయను ప్రేమ యని చెప్పుట శాస్త్రదృష్టితో సరిపడదు. మాయ ఆవరణ విక్షేప శక్తులు కలది. జ్ఞానముచే నివర్తింపదగినది. సూఫీల దివ్యప్రేమ అట్టిది కాదు. తాను మఱుగుననున్న నిధియై, తెలియబడవలెనని కోరి, పరమాత్మ సృష్టిచేసెనను వారి భావమునుండి దారాకు ఈ పోలిక తోచియుండును. బ్రహ్మము తాననేకము కావలెనని సంకల్పించుట మన ఉపనిషత్తులలోను కలదు గదా. పోలికలు కొన్ని అతకలేదు. అయినను రెండు శాస్త్రములను ఒకే గౌరవముతో ముందుంచుకొని, ఒకదానిని గెలిపించుటకు రెండవదానిని వాడుకొనని రాజపుత్రుని శ్రమ చిన్నది కాదు. ఆ గ్రంథము సామాన్యుల కొఱకు గాక తనవారి కొఱకు వ్రాయబడినదని ఆతడే స్పష్టము చేసెను.

మఱుసటి యేడు ఆతని ప్రోత్సాహముచే యోగవాసిష్ఠము పారసీకములోనికి మార్పబడెను. దాని పీఠికలో ఒక స్వప్నము వర్ణింపబడినది. వసిష్ఠమహర్షియు శ్రీరామచంద్రుడును దారాకు కలలో కనబడిరి. ఈతడు సత్యాన్వేషణలో నీకు సోదరుడని వసిష్ఠుడు చెప్పగా, శ్రీరాముడు దారాను కౌగిలించుకొని, మధురపదార్థమును ప్రసాదముగా ఇచ్చెను. ఇట్టి స్వప్నమును రాజ్యాకాంక్ష గలవాడు దాచుకొనవలెను. దారా దాచుకొనలేదు.

ఉపనిషత్తుల అనువాదమునకు సిర్ర్ ఎ అక్బర్, అనగా మహారహస్యము, అని ఆతడు పేరిడెను. ఏకత్వమును గూర్చి ఖురానులో సూచనగా నున్నదానికి వివరణ వెదకుచు ఆతడు తోరాను, సువార్తలను, కీర్తనలను చదివెను. సంశయము తీరలేదు. తుదకు ఉపనిషత్తులలో అది దొరకెనని పీఠికలో తెలిపెను. అంతటితో నిలువక, ఖురానులో గుప్తగ్రంథమని పేర్కొనబడినది ఈ ఉపనిషత్తులేయని నిర్ణయించెను. స్వధర్మమును విడిచి ఆతడు ఇటు రాలేదు. తన ధర్మగ్రంథమును అనుసరించియే ఇటు వచ్చితినని ఆతని విశ్వాసము. శత్రువులకు మాత్రము ఆ వాక్యము చాలినది.

తెలుగుదేశముతోను ఈ యువరాజునకు సంబంధము కలదు. గోదావరీమండలమున ముంగండ అగ్రహారమునకు చెందిన జగన్నాథుడు షాజహాను ఆస్థానమున వెలుగొంది, ఆయనచే పండితరాజ బిరుదమును పొందెను. దారా మాతామహుడైన ఆసఫ్‌ఖానును ఆ కవి ఒక కావ్యమున కీర్తించెను. ఇక రెండవది కత్తితో కూడిన సంబంధము. 1656లో ఔరంగజేబు గోలకొండను ముట్టడించి, కుతుబ్‌షాహీ రాజ్యమును కలుపుకొనుట కుద్యుక్తుడయ్యెను. అబ్దుల్లా కుతుబ్‌షా దూతలు దారాను, జహనారాను ఆశ్రయించిరి. దారా తండ్రితో చెప్పి ముట్టడిని మాన్పించెను. మఱుసటి యేడు బిజాపూరు విషయమునను ఇట్లే జరిగెను. ఇందు దయ ఎంత, తమ్ముని బలము పెరుగకుండ చూచుకొను జాగ్రత్త ఎంత అని విడదీసి చెప్పుట సాధ్యము కాదు. రాజకీయమున మంచిపనికి కూడ ఇట్టి మిశ్రమమైన మూలములుండుట సామాన్యమే. ఔరంగజేబు మాత్రము దానిని మఱువలేదు.

షాజహాను పెద్దకుమారుని తన యొద్దనే యుంచుకొని, ఇతర కుమారులను దూరసుబాలకు పంపెను. తన సింహాసనము ప్రక్కన ఆతనికి బంగారు ఆసనము వేయించెను. ఆ ప్రేమ దారాకు అపకారమే చేసెను. దక్కనులో ఔరంగజేబు సేనల నడపుచు, మనుష్యులను తూచుట నేర్చుకొనుచుండగా, దారా పొగడ్తలు వినుచుండెను. తనకు తెలియనిది లేదను ధోరణి ఆతనిలో నుండెనని, సలహా చెప్పబోయిన వారిని తృణీకరించెనని, పెద్ద సరదారులను నలుగురిలో పరిహసించెనని ఫ్రెంచి వైద్యుడు బెర్నియరు వ్రాసెను. సర్వభూతములలో ఒకే ఆత్మను చూడవలెనని చదివినవాడు తన సభలోని ముసలి సేనానిలో దానిని చూడలేకపోయెను. శ్రవణమునకును నిదిధ్యాసనమునకును మధ్యనున్న దూరమును శాస్త్రకారు లూరక చెప్పలేదు.

1657 సెప్టెంబరులో చక్రవర్తి జబ్బుపడగా, మరణించెనను వదంతి దేశమంతట ప్రాకెను. వంగదేశమున షుజా, గుజరాతున మురాదు తామే చక్రవర్తులమని ప్రకటించుకొనిరి. ఔరంగజేబు తొందరపడక మురాదును తనతో కలుపుకొని ఉత్తరమునకు కదలెను. 1658 ఏప్రిలులో ధర్మాతు కడ రాజా జస్వంతసింగు నడపిన చక్రవర్తి సైన్యము ఓడెను. మే నెల చివర ఆగ్రా చేరువనున్న సాముగఢు కడ అన్నదమ్ములు ఎదురెదురుగా నిలిచిరి. పోరు మిక్కుటముగా నున్నవేళ దారా ఏనుగుపై నుండి దిగి గుఱ్ఱమెక్కెను. ఖాళీ అంబారీని చూచిన సైనికులు యువరాజు కూలెనని తలచి చెల్లాచెదరైరి. కొన్ని గడియలలో సామ్రాజ్యము చేయి మాఱెను. వృద్ధుడగు షాజహాను ఆగ్రాకోటలో బందీయై, జహనారా సేవలో, 1666లో మరణించువఱకు అందే యుండెను. మురాదు కొద్ది వారములలోనే ఔరంగజేబుచే బంధింపబడెను.

దారా లాహోరు, ముల్తాను, సింధుదేశము, కచ్ఛము, గుజరాతు దిరిగెను. 1659 మార్చిలో అజ్మీరు వద్ద, తాను పుట్టిన చోటికి దాపుననే, మఱల ఓడెను. సాయము చేసెదనని మాట యిచ్చిన జస్వంతసింగు రాలేదు. రాజా జయసింగు ఔరంగజేబు పక్షమున ఆతనిని తఱుముచుండెను. దారాది హిందువుల పక్షమనియు, ఔరంగజేబుది ముస్లిముల పక్షమనియు తలచువారు ఈ సంగతిని గమనింపవలెను. చరిత్రకారుడు అతహర్ అలీ లెక్కించినదాని ప్రకారము సాముగఢు వఱకు పెద్ద హోదాగల హిందూ సరదారులలో 24 మంది దారా వైపునను, 21 మంది ఔరంగజేబు వైపునను ఉండిరి. ఆ సరదారులు చూచుకొన్నది ఎవడు గెలుచునని, ఎవడు తమకు మేలు చేయునని. వేదాంతమును గాని షరియతును గాని వారు విచారింపలేదు.

అహ్మదాబాదు తలుపులు మూయబడెను. పారసీకదేశము చేరవలెనని దారా బోలాను కనుమవైపు సాగెను. దారిలో నాదిరా బాను, జబ్బుచేతను అలసటచేతను, ప్రాణములు విడిచెను. తన్ను హిందూస్థానపు నేలలోనే పాతిపెట్టవలెనని ఆమె కోరియుండెను. దారా తన యొద్ద మిగిలిన కొలదిమంది విశ్వాసపాత్రులగు సైనికులను ఆమె శవమునకు తోడిచ్చి లాహోరుకు, గురువు మియాన్ మీరు సమాధి సన్నిధికి, పంపివేసెను. తనకు రక్షణ లేకుండ చేసికొనెను. రాజనీతి తెలిసినవాడెవ్వడును ఆ పని చేయడు. ఆతని జీవితమున తనను తాను పూర్తిగా మఱచి చేసిన పని అదియొక్కటియే కావచ్చును.

దాదరు నాయకుడగు మలిక్ జీవన్ యింట ఆతడాశ్రయము పొందెను. కొన్నేండ్లకు ముందు ఏనుగు పాదముల క్రింద త్రొక్కించి చంపుటకు శిక్ష విధింపబడిన ఈ మలిక్ జీవనుని దారాయే తండ్రిని వేడి విడిపించియుండెను. ఆ జీవనే ఆతనిని పట్టి శత్రువుల కప్పగించెను.

1659 ఆగస్టు చివర దారాను, ఆతని చిన్నకుమారుడు సిపిహ్ర్ షికోను, మురికి పట్టిన యొక ఆడయేనుగుపై, అంబారీ కప్పు లేకుండ, ఢిల్లీ వీథులలో ఊరేగించిరి. బెర్నియరు బజారులో నిలిచి చూచెను. జనము తమ బిడ్డకే ఆపద వచ్చినట్లు ఏడ్చుచుండెను గాని ఒక్కడును కత్తి దూయలేదని ఆతడు తెలిపెను. మఱునాడు మలిక్ జీవన్ వీథిలో కనబడగా ప్రజలు రాళ్లు రువ్విరి. ఈ అల్లరి దారా మరణమును మఱింత త్వరపెట్టెను. దర్బారులో దానిష్మంద్‌ఖాను, దారాకు మిత్రుడు కాకపోయినను, ప్రాణభిక్ష పెట్టుమని వాదించెను. చెల్లెలు రోషనారా చంపవలెనని పట్టుపట్టెను. ఉలేమాలు స్వమతభ్రష్టుడని తీర్పు చెప్పిరి. ఔరంగజేబు కాలపు అధికార చరిత్రలో ఆతని నేరములు పేర్కొనబడినవి: బ్రాహ్మణులతోను యోగులతోను సాంగత్యము, వారి గ్రంథమును దైవికమని నమ్ముట, నాగరిలిపిలో ప్రభు అను పదము చెక్కించిన ఉంగరమును ధరించుట. ఆ రాత్రియే బందీగృహమున ఆతని శిరస్సు ఖండింపబడెను.

దారా ఏ మతము వాడైనను ఔరంగజేబు ఆతనిని బ్రతుకనిచ్చెడివాడు కాడని నిశ్చయముగ చెప్పవచ్చును. ఉపనిషత్తు చదువని మురాదును 1661లో గ్వాలియరుకోటలో చంపించెను. దారా పెద్దకుమారుడు సులైమాను 1662లో ఆ కోటలోనే హతుడయ్యెను. అయితే రాజకీయ హత్యకు ధర్మము పేరు కావలసి వచ్చెననునది వేఱుగా ఆలోచింపదగినది. సోదరవధకు నిందపడకుండుటకు పండితుల సంతకములు అవసరమయ్యెను. అవి దొరకెను. ధర్మశాస్త్రము తెలిసినవారు అధికారమునకు తమ విద్యను ఎరువిచ్చినప్పుడు ఆ శాస్త్రమునకే గౌరవము తగ్గును. దారా స్నేహితుడగు సర్మద్ అను దిగంబర సాధువునకును తరువాత ఇదే గతి పట్టెను. మథురలో కేశవదేవాలయమునకు దారా కానుకగా నిచ్చిన రాతికటకటాలను 1666లో ఔరంగజేబు తీయించివేసెను.

బ్రతికి రాజ్యము చేసియుండినచో దారా ఎట్లుండెడివాడో ఊహింపవచ్చును గాని ఆ ఊహకు ఆధారము లేదు. సోదరులు చేతికి చిక్కినచో ఆతడు మాత్రము విడిచిపెట్టెడివాడా యను ప్రశ్నకును సమాధానము లేదు. ఆ ఇంటి ఆచారము ఆతనికిని తెలియును.

కుటుంబకథ విచిత్రముగ ముగిసెను. దారా కుమార్తెను జహనారా పెంచి పెద్దచేసెను. 1669లో ఆమెను ఔరంగజేబు తన కుమారుడు ఆజమునకు వివాహము చేసికొనెను. ఏనుగుపై తండ్రి ప్రక్కన కూర్చున్న సిపిహ్ర్ షికో పదునాలుగేండ్లు చెఱలోనుండి, 1673లో ఔరంగజేబు అల్లుడయ్యెను.

దారా దేహమును హుమాయూను సమాధి మందిరమున పాతిపెట్టిరి. ఆ మందిరపు అరుగుపైన పేరులేని గోరీలు అనేకములున్నవి. వానిలో ఆతని దేదియో గుర్తించుటకు 2020లో భారత ప్రభుత్వము పండితులతో నొక సంఘమును నియమించెను. గ్రంథము మాత్రము సమాధి కాలేదు. అయోధ్య నవాబు దర్బారున నున్న జంటిల్ అను ఫ్రెంచివాడు ఒక ప్రతిని సంపాదించి పంపగా, 1775లో అది పారిసులోని ఆంకెతిల్ దుపెరోను చేతికి వచ్చెను. ఆ పండితుడు ఏండ్ల తరబడి శ్రమించి లాటిను భాషలోనికి మార్చి, 1801, 1802 సంవత్సరములలో స్ట్రాస్‌బర్గున రెండు సంపుటములుగా ప్రకటించెను. 1814లో షోపెన్‌హౌవరను జర్మను యువకుడు వైమారులో దానిని చదువుటకు తీసికొనిపోయెను. 1860లో మరణించువఱకు ఆతడు ఆ గ్రంథమును విడువలేదు.